ఒక మంచం, ఇద్దరు అద్దెదారులు

పరాయి దేశంలో నాలుగు డబ్బులు మిగలాలని ఒక వెల్డరు, ఒక నైట్ వాచ్‌మన్ చెరిసగం అద్దెతో ఒకే గదిలో ఉండేవారు. ఉన్నది ఒక్క మంచం. ఒకరు పనికి పోతే ఒకరు పడుకోవాలి. ఎదురుపడిందే లేదు. తాళంచెవి ద్వారబంధం మీద పెట్టి పోవడం, ఒకరు వండి మూతపెట్టింది ఒకరు తినడం, అంతే.

"పప్పులో ఇంత ఉప్పేంట్రా, వెధవా," అని వెల్డరు రోజూ ఖాళీ గదిలో తిట్టుకునేవాడు.

ఒక సాయంత్రం గది అద్దెకిచ్చిన ఇంటావిడ చెప్పింది: "వాచ్‌మన్ వాళ్ల ఊరెళ్లిపోయాడు బాబూ. ఇంక రాడంట."

ఎప్పట్లా మంచమంతా తనదే అయినా, ఆ రాత్రి వెల్డరు సగం వదిలి గోడవారకు పడుకున్నాడు. పొద్దున్నే అలవాటుకొద్దీ ఇద్దరికీ వండి, మూతపెట్టి, తాళంచెవి ద్వారబంధం మీద పెట్టి వెళ్లాడు.

సాయంత్రం తాళంచెవి పెట్టినచోటే ఉంది. మూత తీసి వాచ్‌మన్ వంతు పప్పు తనే తిన్నాడు. ఉప్పు చాల్లేదు.