బోర్డు సెక్షన్‌లో పొగ

పేపర్లు దిద్దుతున్న కెమిస్ట్రీ మేడమ్ ఎర్రపెన్ను ఠక్కున ఆగిపోయింది.

ప్రశ్న తేలికైనదే. మొక్కజొన్న బెండ్లను కాల్చి బొగ్గు చేసేటప్పుడు డ్రమ్ముకు మూత ఎందుకు పెట్టాలి?

"గాలి ఆడితే బొగ్గు కూడా కాలి బూడిదవుతుంది. వేడి తగ్గకముందే మూత తీస్తే మంట గుప్పుమంటుంది. కనుబొమ్మలు పోతాయి" అని రాశాడు కుర్రాడు.

మొదటి రెండు ముక్కలూ పాఠంలో ఉన్నవే. మూడోది ఏ పాఠంలోనూ లేదు. తర్వాతి పేపర్లో "కనుబొమ్మలు జాగ్రత్త" అని ఉంది. ఆ తర్వాతి పేపర్లో ఒక అమ్మాయి ముఖం బొమ్మే వేసింది, ఒంటి కనుబొమ్మతో.

మేడమ్ పేపర్ల కట్ట మీద రాసింది మళ్లీ చూసింది. ఇవి బోర్డు సెక్షన్ పేపర్లు. వీళ్లు డ్రమ్మును కంటితో కూడా చూడకూడదు.

మేడమ్ పరిశోధనకు ప్రాణమే ఆ షరతు. కెమిస్ట్రీ చేస్తే వస్తుందా, వింటే వస్తుందా? అది తేల్చడానికి ఒక సెక్షన్ చేత పని చేయించింది. గింజలు వలిచాక రైతులు పారబోసే బెండ్లను వాళ్లు డ్రమ్ములో కాల్చి, బొగ్గును దంచి, పిండి జిగురుతో కలిపి, పొయ్యిలో వాడే బిళ్లలు చేశారు. రెండో సెక్షన్ అదే పాఠాన్ని చేతులు కట్టుకుని బోర్డు ముందు కూర్చుని విన్నది. చివర్లో రెండు సెక్షన్లకూ ఒకే పరీక్ష. పొగ సెక్షన్ స్పష్టంగా గెలిస్తే ల్యాబ్ ఉంచుతామని స్కూలు కమిటీ మాటిచ్చింది. లేకపోతే అది అతిథుల హాలు అవుతుంది. ప్రిన్సిపాల్ అప్పుడే కిటికీ తెరల రంగు కూడా ఖాయం చేసేశాడు. రిబ్బను కత్తిరించడానికి వీల్లేని చదువు చదువే కాదని ఆయన గట్టి నమ్మకం.

బోర్డు సెక్షన్‌కు పాఠం చెప్పింది మేడమ్ అత్తగారే. రిటైరైన కెమిస్ట్రీ టీచరు. పాత విద్యార్థులు ప్రేమగా, చాటుగా, సుద్దముక్క అంటారు.

"నువ్వు పొగ పెట్టుకో అమ్మాయ్. సుద్దముక్కతో నీ డ్రమ్మును ఓడించకపోతే అడుగు" అని ఆవిడ మొదటిరోజే సవాలు విసిరింది. ఆనాటి నుంచి మేడమ్ భర్త అడకత్తెరలో పోకచెక్క. ఎటు తలూపినా కూరలో ఉప్పు ఎక్కువయ్యేది.

మార్కులు కూడింది మేడమ్. బోర్డు సెక్షనే ఒక మార్కు ముందుంది. ల్యాబ్ గోవిందా!

ఎవరో డ్రమ్మును చూపించారు. ఎవరు? మొదటి అనుమానం ప్రిన్సిపాల్ మీద. కానీ ఆయన పాపం, మసి అంటే పది అడుగులు దూరం జరిగే మనిషి. ల్యాబ్‌లో రెండు బస్తాల బెండ్లు మాయమైన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎలుకల పని అనుకుని ఊరుకుంది. బస్తాలతో సహా తినే ఎలుకలు ఎక్కడుంటాయో చదువుకున్న మనిషి ఆలోచించలేదు మరి.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఫ్యాను కింద కూర్చుని ఉంది. ఈ మధ్య ఆవిడ కనుబొమ్మలకు కాటుక దిద్దడం మొదలుపెట్టింది. ఈ వయసులో సింగారమేమిటా అని మేడమ్ లోలోపల నవ్వుకుంది కూడా. ఇవాళ పరీక్షగా చూసింది. ఎడమ కనుబొమ్మ నిన్నటికంటే అంగుళం పైకి ఎక్కి కూర్చుంది.

మేడమ్ చప్పుడు చేయకుండా బయటికెళ్లి భర్తను పట్టుకుంది.

"ఏవండీ, స్కూటర్ నిండా ఈ మొక్కజొన్న పొట్టేమిటి?"

"గాలికొచ్చి ఉంటుంది."

"రెండు బస్తాలూ గాలికే వచ్చాయా?"

"అమ్మ చెప్పొద్దంది."

"ఆహా, ఎంత బాగా దాచారండీ!"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆదివారాలు మేడమ్ ల్యాబ్‌లో ఉంటే, ఇక్కడ పెరట్లో బోర్డు సెక్షన్ మొత్తం పొగలో మునిగి తేలిందట.

రాత్రి భోజనాల దగ్గర మేడమ్, "మీ సెక్షన్ గెలిచింది అత్తయ్యా" అంది.

"నేను చెప్పలా?" అంది అత్తగారు. కానీ రెండోసారి అన్నం పెట్టించుకోలేదు.

నిజం చెబితే అత్తగారి పరువు పోతుంది. చెప్పకపోతే ల్యాబ్ పోతుంది. మేడమ్‌కు నిద్ర పోయింది.

మర్నాడు కమిటీ కూర్చుంది. బోర్డు సెక్షన్ టీచరుగా అత్తగారూ వచ్చి వెనక వరసలో కూర్చుంది. మార్కులు చదివేసరికి ప్రిన్సిపాల్ ముఖం చాటంతయింది.

"అంటే సుద్దముక్కే గొప్పది! నేను ముందే అనుకున్నా."

"మీరేమైనా చెబుతారామ్మా?" అని కమిటీ పెద్దావిడ మేడమ్‌ను అడిగింది.

మేడమ్ లేచింది. "ఈ ఫలితం చెల్లదండి. బోర్డు సెక్షన్ కూడా డ్రమ్ము కాల్చింది. ఎవరు కాల్పించారని మాత్రం అడక్కండి."

"సాక్ష్యం ఉందా?" ప్రిన్సిపాల్ గద్దించాడు.

వెనక కుర్చీ కిర్రుమంది. అత్తగారు లేచి, చేతిరుమాలు మీద నీళ్లు పోసుకుని, ముఖం గట్టిగా తుడుచుకుంది. రుమాలు నల్లబడింది. కుడివైపు కనుబొమ్మ ఉంది. ఎడమవైపు నున్నగా, పలకలా ఉంది.

"ఇదిగోండి సాక్ష్యం. మూడు వారాలు బోర్డు మీద చెప్పాను. పిల్లలు బుద్ధిగా తలలూపారు. ఊపితే ఎక్కిందనే అనుకున్నా, ఉద్యోగం చేసినన్నాళ్లూ అలాగే అనుకున్నా. మూత ఎందుకో రాయమని చిన్న పరీక్ష పెడితే, వాన పడకుండా అని రాశారు. సెక్షన్ మొత్తం! కోడలి ముందు ఓడిపోతానా? పెరట్లో డ్రమ్ము పెట్టించా. మూత తొందరపడి తీసింది కూడా నేనే."

కమిటీ పెద్దావిడ నవ్వు ఆపుకుంది. "ఆ చిన్న పరీక్ష పేపర్లు ఉన్నాయా?"

"టీచర్నండీ. పేపర్లు పారేస్తానా?"

"అయితే బోర్డుతో వాళ్లకేం వచ్చిందో, డ్రమ్ముతో ఏం వచ్చిందో రెండూ మన చేతిలోనే ఉన్నాయి. ఇది చాలదు, వచ్చే ఏడాది దొంగతనం లేకుండా మళ్లీ చేయాలి. అందాకా ల్యాబ్ జోలికి ఎవరూ వెళ్లొద్దు."

మేడమ్ అత్తగారి చెయ్యి పట్టుకుంది. "మరీ మురిసిపోకు, పెరట్లో నీ బెండ్లు ఇంకో బస్తా మిగిలే ఉన్నాయి" అని గొణిగింది అత్తగారు.

"వచ్చేసారి బోర్డు సెక్షన్‌కు పాఠం ఎవరు చెబుతారు?" అడిగింది పెద్దావిడ.

"నావైపు చూడకండి. నాకు ఇంకొక్కటే మిగిలింది" అంది అత్తగారు.

"ప్రిన్సిపాల్ గారూ, సుద్దముక్క మీద అంత నమ్మకం మీకే ఉంది కదా. మీరే చెప్పండి" అంది పెద్దావిడ.

ప్రిన్సిపాల్ చెయ్యి తనంతట తానే పైకి లేచి, రెండు కనుబొమ్మలనూ ఒకసారి తడిమి చూసుకుంది.