అడుగు పడేలోపు

లాంచీ రేవు దగ్గరికొచ్చి ఇంజను గొంతు తగ్గించేసరికి అతను ఎప్పటిలాగే ముందు అంచున నిలబడి ఉన్నాడు. మోకు చుట్ట ఎడమ భుజాన వేలాడుతోంది. కుడిచెయ్యి ఇనుప కమ్మీని పట్టుకుని ఉంది. ఆ కమ్మీని పట్టుకోవడం ఈమధ్య అయిన అలవాటు. అంతకుముందు దానిమీద తువ్వాలు ఆరేసుకునేవాడు, అంతే.

మధ్యలో నీళ్లు ఇరుకవుతున్నాయి. సిమెంటు గట్టుకు వేలాడదీసిన పాత టైర్లకు లాంచీ ఒళ్లు ఒత్తుకుని మళ్లీ విడిపోయింది. ఒత్తుకున్న ఆ క్షణంలోనే దాటాలి. ఒకప్పుడు గడప దాటినట్టు దాటేవాడు, నోట్లో బీడీ ఉండగానే, వెనక ఎవరితోనో పరాచికాలాడుతూనే. కాలికి చెప్పే పనే ఉండేది కాదు. ఇప్పుడు కాలు అడుగుతోంది. ఇప్పుడేనా? ఎంత ఎత్తాలి? ఎక్కడ పెట్టాలి? జవాబు దొరికేలోపు సందు వెడల్పయిపోతోంది.

మొదటి తాకిడి పోయింది. రెండోదీ పోయింది. వెనక జనం సంచులు చంకన పెట్టుకుని గునుస్తున్నారు. పైన చక్రం దగ్గరున్న సరంగు ఇంజను కాస్త పెంచి, లాంచీని గట్టుకేసి అదిమిపట్టి ఉంచాడు. అప్పుడతను తన పాదాల వంకే చూసుకుంటూ గట్టుమీదికి అడుగేశాడు. మోకును గుంజకు మెలేసి బిగించాడు. బిగించడంలో చేతులకి మాత్రం ఏ సందేహమూ లేదు.

"దిగండి. నిదానంగా, తోసుకోకండి," అన్నాడు.

లాంచీ నడిపే ఆ సరంగు అతని భార్యకు తమ్ముడు. వాణ్ని వెంటబెట్టుకొచ్చి లాంచీ ఎక్కించి పని నేర్పింది ఈ బావే. వాడు చక్రం దాకా వెళ్లాడు, బావ మోకు దగ్గరే ఉండిపోయాడు. అందుకు ఇద్దరిలో ఎవరికీ రవ్వంత బాధ లేదు. రోజూ ఏరు దాటేవాళ్లు మొదట్లో అతన్ని మోకు మామ అనేవాళ్లు. ఎప్పుడు మారిందో తెలీదు, మోకు తాత అయి కూర్చున్నాడు.

నిజానికి అతని అసలు పని మోకు కాదు, చెయ్యి. ఒక కాలు గట్టుమీద, ఒక కాలు లాంచీ అంచుమీద వేసి, మధ్యలో నిలబడి చెయ్యి అందించేవాడు. ఆ చెయ్యి పట్టుకుని ఎంతమంది దాటారో లెక్కలేదు. పెళ్లికూతుళ్లు, పురిటికి వెళ్లేవాళ్లు, పరీక్షలకి వెళ్లేవాళ్లు, ఒకసారి ఏడుస్తున్న పోలీసు. ఎవరు భయపడుతున్నారో, ఎవరు భయపడనట్టు నటిస్తున్నారో వేళ్ల పట్టులోనే తెలిసిపోయేది.

చిత్రమేమిటంటే, లాంచీ కదులుతున్నంతసేపూ అతనిలో లోపం కనిపించేది కాదు. అక్కడ అందరూ ఊగేవాళ్లే. నేలమీదికి వచ్చాకే బండారం బయటపడేది. కాళ్లు ఎడంగా వేసి, పాదాలు ఈడుస్తూ, గోడవారగా నడిచేవాడు. ఎవరైనా పలకరిస్తే నడక ఆపేసి జవాబు చెప్పేవాడు. రెండూ ఒకేసారి చెయ్యబోతే కాళ్లు తడబడుతున్నాయి. అందుకే నడుస్తున్నప్పుడు పిలిచినా పలకడం మానేశాడు. 'తాతకి ఈమధ్య పొగరెక్కువైంది' అనుకున్నారు జనం. అనుకోనిచ్చాడు.

భార్య పోరుపడలేక ఒకసారి డాక్టరుకి చూపించుకున్నాడు. డాక్టరు కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. మూసుకున్నాడు. తెరిచేసరికి డాక్టరు చేతుల్లో ఉన్నాడు.

"కళ్లు, చెవి లోపలి భాగం, అరికాళ్లు, ఈ మూడూ కలిసి చెబితేనే మనిషి నిలబడతాడు పెద్దాయనా. మీ పాదాలు కబురు ఆలస్యంగా పంపిస్తున్నాయి. వయసు. ఆ లాంచీ పని ఇక మానుకోండి."

ఇంటికొచ్చి భార్యతో, "నా అరికాళ్లకి చెవుడొచ్చిందటే," అన్నాడు. ఆమె కడుపుబ్బ నవ్వింది. పని మానుకోమన్న సంగతి అతను చెప్పలేదు.

రెండు తాకిళ్లు తప్పిపోయిన ఆరోజే మధ్యాహ్నం గాలి తిరిగింది. అవతలి రేవు దగ్గర నీళ్లు చిన్నచిన్న అలలుగా గట్టుకి కొట్టుకుంటున్నాయి. ఒకావిడ పసిబిడ్డను ఎడమ భుజాన వేసుకుని దిగడానికి వచ్చింది. అతను చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుంది. ఒక కాలు గట్టుమీద పెట్టింది. అంతలో అల వచ్చి లాంచీ కాస్త పక్కకి జరిగింది.

పెద్ద కుదుపేమీ కాదు. అలాంటివి జీవితమంతా చూశాడు. ఒక్క చిన్న అడుగు వెనక్కి వేస్తే సరిపోయేది. వెయ్యాలని అతనికి తెలుసు. వేశాననే అనుకున్నాడు. కాలు మాత్రం ఉన్నచోటే ఉంది. ఒళ్లు వెనక్కి పోతుంటే చేతికి దొరికిందల్లా పట్టుకున్నాడు. దొరికింది ఆవిడే.

ఆమె మోకాళ్లమీద పడింది. పడుతూ పడుతూ బిడ్డను రెండు చేతులా పైకెత్తింది, నీళ్లు సోకకుండా ఎత్తినట్టు. అతను ఆమె భుజాన్ని పట్టుకునే నిలబడ్డాడు. అందరూ ఒక్కసారి 'అయ్యో' అన్నారు. బిడ్డకి ఏమీ కాలేదు. కాసేపాగి, జరిగింది అప్పుడే అర్థమైనట్టు, గుక్కపెట్టి ఏడ్చింది.

ఆవిడ లేచింది. మోకాలి దగ్గర చీర చిరిగి రక్తం కనిపిస్తోంది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మీకేం కాలేదు కదా తాతా?" అంది.

అతనికి తల కొట్టేసినట్టయింది.

జనం దిగిపోయాక సరంగు మెట్లు దిగి వచ్చాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, ఏటి వంక చూశాడు.

"బావా, ఈ పూటకి కూర్చో."

"ఈ పూటకేనా?"

సరంగు తువ్వాలును దులిపి భుజాన వేసుకున్నాడు.

"చాన్నాళ్లనుంచి లాంచీని అదిమి పడుతున్నావు. నాకు తెలీదనుకున్నావురా?"

"తెలిస్తే ముందే చెప్పొచ్చుగా, ఇంతమంది ముందు ఈ..." అని వాడు మధ్యలోనే ఆపేశాడు. "అక్కకి నేను చెబుతాలే."

"అదేమన్నా నీకంటే తెలివితక్కువదా? చెప్పక్కర్లేదు."

గుంజకున్న మోకును విప్పి, చుట్టచుట్టి ఇంజను చూసే మనిషి చేతికిచ్చాడు. వెళ్లి ప్రయాణికుల బల్ల మీద కూర్చున్నాడు. పక్కనున్నాయన కాస్త జరిగి చోటిచ్చాడు. బల్ల మీద కూర్చుంటే ఏరు ఇంకోలా ఉంటుంది, గట్టు కనిపించదు, ఎదుటివాళ్ల వీపులు కనిపిస్తాయి. ఇంజను మనిషి మోకు విసిరితే గుంజ అందక నీళ్లలో పడింది. ఎవరో నవ్వారు. అతనికి నవ్వు రాలేదు, సంతోషమూ కలగలేదు. వాడు రేపు నేర్చుకుంటాడు. ఎల్లుండికి బాగానే విసురుతాడు.

సాయంత్రం ఆఖరి ట్రిప్పులో అందరితోపాటు లైనులో నిలబడి అంచు దాకా వచ్చాడు. ఇంజను మనిషి చెయ్యి చాచాడు. నూనె మరకల చెయ్యి. అతను ఒక్క క్షణం దానివంక చూసి పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ చెయ్యి ఇవ్వడమే గానీ పట్టుకుని దాటింది లేదు. పట్టుకున్నవాడికి ఎంత బరువు దిగిపోతుందో, ఎంత చిన్నతనంగా ఉంటుందో, రెండూ ఒకేసారి తెలిశాయి.

"జాగ్రత్త తాతా."

"ఊఁ."

రేవు దాటి వెడల్పాటి సిమెంటు దారిలోకి వచ్చాడు. తడి లేదు, ఎత్తుపల్లాలు లేవు, ఎదురుగా మనిషి కూడా లేడు. పాదాల వంకే చూసుకుంటూ నడుస్తున్నాడు. ఇంటికెళ్లి భార్యకి ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాడు. ఏదో ఒక హాస్యం దొరక్కపోదు.

వెనకనుంచి సరంగు గొంతు వినిపించింది. లాంచీ మీదనుంచే, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు.

"బావా! రేపు కూడా రా! ఊరికే కూర్చుందువుగానీ రా! నువ్వు లేకపోతే నాకేం తోచదు!"

ఆ మాటకి లోపల ఎక్కడో చల్లబడింది. నడుస్తున్నప్పుడు ఎవరు పిలిచినా పలకనివాడు, అప్పుడు మాత్రం గిరుక్కున తిరిగాడు. తల తిరిగింది, భుజాలు తిరిగాయి, కుడికాలు కూడా తిరిగింది. ఎడమకాలికి కబురు అందలేదు. చదునైన నేలమీద, చెయ్యి చాచడానికి ఏమీ లేనిచోట, పక్కకి ఒరిగి పడిపోయాడు.

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపించారు. పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండటంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మాట తగ్గింది, తిండి తగ్గింది. ఒక ఉదయం భార్య మొహం తుడవడానికి తడిగుడ్డ పిండుకుని వచ్చేసరికి అతను లేడు.

అందరూ వెళ్లిపోయాక సరంగు అక్క దగ్గర కూలబడ్డాడు.

"నేను పిలవకుండా ఉండాల్సింది అక్కా."

"పిలిస్తే తిరగడం కూడా తప్పేనట్రా?" అంది ఆమె. అని, కళ్లు తుడుచుకోకుండా అలాగే కూర్చుంది.

వాడు నీళ్లకోసం లేచి ట్రంకు పెట్టెకి కాలు తగిలించుకున్నాడు. అది గది మధ్యలో ఉంది. దాని పక్కన కుర్చీ, కుర్చీ తర్వాత బియ్యం డబ్బా, ఆ తర్వాత కుట్టుమిషను. మంచం నుంచి వాకిలి దాకా ఒకదాని తర్వాత ఒకటి, చెయ్యి చాస్తే అందేంత ఎడంలో పెట్టి ఉన్నాయి.

"ఇవన్నీ దారికడ్డంగా ఎందుకు పెట్టావే?"

"పడకముందు, ఆయన పట్టుకు నడవడానికి. రోజుకొకటి జరిపాను. ఆయన కనిపెట్టలేదు." ఆమె ట్రంకు పెట్టె వంక చూసింది. "కనిపెట్టాడేమో కూడా. నాతో అనలేదు."

వాడు ట్రంకు పెట్టెను గోడవారకి జరపబోయాడు. ఆమె వద్దంది. వాడు వెళ్తూ తలుపును దగ్గరగా వెయ్యబోతే, దాని వెనకనుంచి ఏదో జారి గోడకి ఆనుకుంది. చేతికర్ర. ఇస్తే ఆయన మొహం చిన్నబుచ్చుకుంటాడని, అడిగిన రోజున ఇద్దామని, ఆమె ఎప్పుడో కొని దాచిపెట్టింది. పిడికి దుకాణంవాడు చుట్టిన కాగితం అలాగే ఉంది. కింద నల్లటి రబ్బరు బిళ్ల, మట్టి అంటకుండా, నిగనిగలాడుతోంది.