సెల్లార్ షీటు మీద సంతకం

"ఈ భవనంలో అందరూ ఒకే గాలి పీలుస్తారు. పై అంతస్తులో కూర్చునేవాళ్ళకి ఏది అందితే, కింద సెల్లార్లో పనిచేసేవాళ్ళకీ అదే అందుతుంది. ఇది నా మాట."

యూనివర్సిటీ కొత్త సైన్స్ బ్లాకుకి పునాదిరాయి వేస్తూ వీసీ గారు అన్న మాటలివి. ఆ రోజు చిన్న ఇంజినీరు వెనక వరసలో నిలబడి అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాడు.

ఆ బ్లాకులో చల్లదనం, వెచ్చదనం, నీళ్ళు, మురుగు ఏ దారిన నడవాలో గీసే పని అతని ఆఫీసుదే. పొద్దున్నే వచ్చి లెక్కలతో మొదలుపెడతాడు. ఏ గదిలో ఎంతమంది కూర్చుంటారు, ఏ గోడకి ఎండ తగులుతుంది, ఎంత గాలి కావాలి, ఆ గాలిని మోసే డక్టు ఎంత వెడల్పు ఉండాలి. పక్క బల్ల దగ్గర ప్లంబింగ్ మేడమ్ డ్రైన్లకి వాలు చూసుకుంటూ ఉంటుంది. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని, ఎవరి డక్టు ఎవరి పైపుకి అడ్డొచ్చిందో తిట్టుకుంటారు.

ఆ వృత్తిలో సంతకం సంగతి అందరికీ తెలుసు. ఏ డ్రాయింగు షీటు మీద సంతకం పెడితే, ఇంకు ఆరగానే, ఆ గదుల గాలి ఆ మనిషి ఊపిరిలోకి వచ్చేస్తుంది. గోడలు లేవకముందే. చివరగా పెట్టిన సంతకమే లెక్క. ఒకప్పుడు సినిమా హాలుకి సంతకం పెట్టి రిటైరైన ఇంజినీరు పక్కన కూర్చుంటే ఇప్పటికీ మనవలు ఇంటర్వెల్ ఎప్పుడని అడుగుతారు. ఆ ఆఫీసుని నడిపే పెద్ద ఇంజినీరు చాలా ఏళ్ళ కిందట తోటలో కట్టిన లైబ్రరీకి సంతకం పెట్టి, అప్పట్నుంచి మళ్ళీ కలం ముట్టలేదు. ఆయన నోరు విప్పితే వాన వెలిసిన చెట్ల కింద నిలబడ్డట్టుంటుంది. తిడుతున్నా ఎవరూ లేచి వెళ్ళరు.

అలాంటి మనిషి ఆ రోజు చిన్న ఇంజినీరుని పిలిచి కుర్చీ చూపించాడు. మూడేళ్ళలో ఎప్పుడూ కూర్చోమనలేదు.

"సెల్లార్ షీటు మీద నువ్వే సంతకం పెట్టు. ఇంకెన్నాళ్ళు చిన్నవాడిలా ఉంటావు?"

గౌరవం అడక్కుండా వస్తే దాని వెనక ఎవరున్నారో చూడాలి. అతను షీటు తీసుకెళ్ళి బల్ల మీద పరిచాడు. తను గీసిన షీటే, కానీ తనది కాదు. తోటవైపు నుంచి సెల్లార్‌కి తాజా గాలి దించే షాఫ్టు అతను గీశాడు. ఇప్పుడు ఆ షాఫ్టులో రెండు లావాటి పైపులు పైకి పోతున్నాయి. సెల్లార్ డక్టుని ఎవరో పై అంతస్తుల వరండాలకి కలిపేశారు. అయిదంతస్తులవాళ్ళు పీల్చి వదిలేసిన గాలి ఆఖర్న కిందికి దిగుతుంది.

కింద రాబోయేది జువాలజీ జాడీల గది. మందునీళ్ళలో కప్పలు, చేపలు, పాములు. వాటిని చూసుకునే ఉద్యోగం అతని అక్కది. పాత భవనంలో ఆమెకి కనీసం ఒక కిటికీ ఉంది.

"నా షాఫ్టులో మీ పైపులెందుకున్నాయండీ?"

"నీ షాఫ్టేంటి, మీ తాత కట్టించాడా?" అంది ప్లంబింగ్ మేడమ్, తలెత్తకుండా.

"మేడమ్."

"గీయమన్నారు, గీశాను. ఎవరని అడక్కు. పైన కౌన్సిల్ హాలుని చల్లబరచడానికి ఇంకో చిల్లర్ కావాలట. పైపులు పోవడానికి దారి లేదు. నీ షాఫ్టు ఖాళీగా కనిపించింది."

"గాలి పోయే దారి ఖాళీగానే కనిపిస్తుంది."

ఆవిడ పెన్సిల్ ఆగిపోయింది. ఆవిడకి ముందే తెలుసా, ఇప్పుడే తెలిసిందా అన్నది ఆ మొహంలో దొరకలేదు.

అతను నేరుగా పెద్ద ఇంజినీరు గదిలోకి వెళ్ళాడు. ఈసారి తనే కూర్చున్నాడు.

"నన్నే ఎందుకడిగారు సార్?"

"గట్టి ఊపిరితిత్తులు నీవే కదయ్యా. సంతకం లేని షీటు రేపు కమిటీ ముందుకి పోదు. నువ్వు కాదంటే మేడమ్ పెడుతుంది. ఆవిడకి ఉబ్బసం ఉందని తెలుసుగా."

"బెదిరిస్తున్నారా?"

"సర్దుకుపొమ్మంటున్నాను." గదంతా తడి ఆకుల వాసన.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని అక్కకి అంతా చెప్పాడు. "సర్దుకుపోవడం మొదలుపెట్టిన రోజే ఓటమి మొదలవుతుంది. పీడితుల మౌనమే పైవాళ్ళ పెట్టుబడి."

"ఉపన్యాసం తర్వాత. ముందు తిను," అంది అక్క. "నాకు జాడీల వాసన అలవాటేరా. నువ్వెందుకు పాడైపోవడం? పెట్టకు."

"ఆవిడ పెడుతుంది."

అక్క అతని కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది. "నీకున్న ఆస్తల్లా ఆ గొంతే. అదీ పోతే ఎలా?"

మర్నాడు అతను సంతకం పెట్టాడు. ఇంకు ఆరింది. మొదట నాలిక వెనక చేదు, తర్వాత ఛాతీ మీద తడిగోతం వేసినట్టు బరువు. కళ్ళు మండాయి. ప్లంబింగ్ మేడమ్ లేచి ఓ గ్లాసు మంచినీళ్ళు అతని బల్ల మీద పెట్టి, కుర్చీ దూరం జరుపుకుంది.

కమిటీలో పెద్ద ఇంజినీరు ఎప్పట్లాగే వీసీ గారి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఆఫీసు షీట్లు ఇన్నేళ్ళుగా మాటపడకుండా పాసవుతున్నది ఆ వాసన వల్లేనని చిన్న ఇంజినీరుకి అప్పుడే అనుమానం తగిలింది. వెళ్ళి వీసీ గారికి రెండో పక్కన కూర్చున్నాడు.

"సెల్లార్ గురించి నేను చెప్తాను సార్," అన్నాడు.

షాఫ్టు ఎలా ఉండేదో, ఎలా పోయిందో తొందరపడకుండా చెప్పాడు. మాట మాటకీ సెల్లార్ బయటికొచ్చింది. మందునీళ్ళు, నిలవ ఊపిరి, తడిసిన అట్టపెట్టెలు. సభ్యులు రుమాళ్ళు తీశారు. పెద్ద ఇంజినీరు ఏదో అనబోయాడు. ఆయన తోట వాసన బల్ల సగం కూడా దాటలేదు.

"ఎవరైనా కిటికీ తియ్యండి," అన్నారు వీసీ గారు.

"ఇది ఏసీ గది సార్. ఈ కిటికీలు తెరుచుకోవు," అన్నాడు ఓ సభ్యుడు.

"బాబూ, నువ్వు కాస్త బయట నిలబడి మాట్లాడు."

"నేను బయటికెళ్తే మీకు హాయిగా ఉంటుంది సార్. అక్కడ పనిచేసేవాళ్ళు వెళ్ళలేరు."

ఆమోదం రాయడానికి తీసిన కలం వీసీ గారి చేతిలో కాసేపు ఆగింది. దగ్గు తెర తగ్గాక ఆయన దానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. సెల్లార్ షీటు బల్ల మధ్యలో అలాగే ఉండిపోయింది.

"సరే. చూద్దాం."

"చూస్తామంటే కుదరదు సార్. షాఫ్టు తిరిగి గీస్తాను. కౌన్సిల్ హాలు రెండో చిల్లర్ తీసేయమని మీరు చెప్పాలి. అప్పుడు కొత్త షీటు మీద సంతకం పెట్టుకుని నా ఊపిరి నేను తెచ్చుకుంటాను. అందాకా రోజూ మీ గది బయట బెంచీ మీద కూర్చుంటాను. మీ తలుపు కింద సందు వెడల్పే. ఇందాకే కొలిచాను."

వీసీ గారు రుమాలు తీయకుండానే అడిగారు. "ఎప్పటిదాకా?"

"వచ్చే కమిటీ మార్చి ఇరవై ఒకటిన. ఆ సాయంత్రం అయిదింటికల్లా నాకు సమాధానం కావాలి."