గీకిన వేర్లు

ఊదారంగు ఈసారీ అలాగే ఉంది. గాజు గొట్టంలోని మందునీళ్లలో వేరు రసం పడగానే ఆ ఊదా వెలిసి పసుపుపచ్చగా మారాలి. అప్పుడే వేరులో యాంటీఆక్సిడెంట్లు ఉన్నట్టు లెక్క. సాయంత్రంలోగా రంగు వెలవకపోతే ఈ వేరును వదిలేసి మరొకటి వెతుక్కోమని ప్రొఫెసరమ్మ తేల్చి చెప్పింది. రెండేళ్ల పని నీళ్లపాలయ్యేలా ఉంది.

కూతురు ల్యాబులో స్టూలు మీద కూలబడింది. ఇంకో సంచి వేర్లు మోసుకొచ్చిన తండ్రి గుమ్మంలోనే ఆగాడు. భార్య పోయాక ఆయన ఎవరినీ ఓదార్చలేదు. ఎవరి ఓదార్పూ పుచ్చుకోలేదు.

“పోయినేడు చిటికెలో వెలిసింది నాన్నా. అదే చేను, అదే మొక్క. ఏమైందంటావ్?”

“మొక్కకేం రోగం? నేనే తవ్వి, కడిగి, నీడన ఆరబెట్టాను.”

“పోయినసారి నేను కడిగా.”

“నువ్వు కడిగితే ఎక్కడి మట్టి అక్కడే. ఇవి చూడు, ఎంత తెల్లగా ఉన్నాయో. చెంచాతో ఒక్కోటీ గీకాను.”

ఆమె తలెత్తింది. “గీకావా?”

“గీకక? ఇంత పెద్ద చదువుల చోటికి మురికి తొక్కతో పంపమంటావా? మీ అమ్మే ఉంటే చీవాట్లు పెట్టేది.”

“నాన్నా, వేరులో ఉన్న సరుకంతా ఆ తొక్కలోనే ఉండుంటుంది.”

ఆయన ఎదుటివాళ్ల తప్పు ఎంచడంలో చేయి తిరిగిన మనిషి. తన తప్పు ఎదురుగా వచ్చి నిలబడేసరికి ఎటు చూడాలో తెలియలేదు.

“పారేశావా?” గొంతు తగ్గించి అడిగింది.

“నేనేం పారేశాను కనక? పొయ్యిలోకి పనికొస్తుందని గోనెసంచిలో పోసి అటకెక్కించాను.”

“నీ పిసినారితనం చల్లగుండ. పరిగెత్తు.”

తొక్క వచ్చింది. ఆమె పొడి కొట్టి, మిథనాల్ ద్రావకంలో నానబెట్టి, వడకట్టి, చుక్కలుగా వేసింది. ఊదా కాసేపు బిగదీసుకుంది. ఆ తర్వాత పలచబడింది, వెలిసింది, పసుపుపచ్చగా నిలిచింది. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వింది.

“గీకింది నేనేనని మీ మేడంతో చెప్పెయ్. తిడితే పడతా.”

“తిట్టేదేముంది? తొక్కనీ లోపలి భాగాన్నీ విడివిడిగా చూశాం, బలమంతా తొక్కలోనే ఉందని చెబుతాను. అబద్ధమా?”

“కాదనుకో.”

ఆయన పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చాలాకాలానికి ఎవరి మీదా కోపం లేకుండా కూర్చున్నాడు. తన మీద కూడా.