అవ్వ కోసం మార్చి చదివిన బొమ్మల కథ

గ్యాస్ బండకు చెప్పాలి. కామమ్మత్తకు బీపీ మాత్రలు తేవాలి. చిట్టి బడి గౌను కుట్లు విప్పి వదులు చేయాలి. అన్నిటికంటే ముందు, ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనులో పెద్దవాళ్ళ బొమ్మల కథలకు తాళం వేయాలి.

రొయ్యల కంపెనీకి పోతూ మా అక్క విజయకుమారి నాకు అప్పజెప్పిన పనులివి. మాలో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఫోను సంగతులన్నీ నా మీదే పడతాయి. అక్క కూతురు చిట్టి నాలుగో తరగతి. నీళ్ళలో మునిగి చనిపోయిన మనిషి మొహం ఎలా ఉబ్బుతుందో బడిలో పక్కపిల్లకు గీసి చూపించిందట. టీచరమ్మ అడిగితే, ఫోనులో చూశానని చెప్పింది.

నేను వాకాడులో బస్సు మారి వాళ్ళ పల్లెకు చేరేసరికి, అక్క అత్తగారు కామమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ఫోను తెరిచాను. చేపల వేటకు పోయేవాళ్ళ కథ, వారానికొక భాగం వస్తుంది. మొదట్లోనే పద్దెనిమిదేళ్ళు నిండాయా అని అడుగుతోంది.

"దీనికి అవునని ఎవరు నొక్కినారత్తా?"

"నేనే నొక్కమన్నా. నాకు అరవై దాటలా? పెళ్ళిచూపుల్లో మాదిరి వయసు తగ్గించి చెప్పాల్నా?"

ఆమెకు చదువు రాదు. పక్కన కూర్చుని చిట్టి చదివి వినిపిస్తుంది. పగలంతా అక్క ఇంట్లో ఉండదు. పెద్దల కథ ఆ పెద్దామెకు చేరాలంటే చిన్నపిల్ల నోటి గుండానే చేరాలి.

"పోయిన వారం ఏమైంది కథలో?"

"పడవ బోల్తా కొట్టింది. పిలగాడు ఈదుకుంటా ఒడ్డుకొచ్చినాడు." ఆమె చేపల మీది నుంచి చూపు తిప్పలేదు.

ఆ భాగం తీసి చూశాను. అతను ఈదుకుంటూ రాలేదు. వలలో వచ్చాడు.

చిట్టి నాన్న చెంచురామయ్య కూడా అలాగే వచ్చాడు, రెండేళ్ళ కిందట. పిల్లకు మొహం చూపించలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు.

చిట్టిని పడవల దగ్గరికి తీసుకుపోయి అడిగాను.

"అవ్వ ఏడస్తదని మార్చి చదివినా చిన్నమ్మా." కాసేపు ఇసుక గీకి, "నాయన మొహం గూడా అట్నే ఉండిందా?" అంది.

పిల్ల చేయి పట్టుకుని లేచాను. తిరిగి వచ్చి, చిట్టి కథ మార్చి చదివిందని కామమ్మత్తకు చెప్పాను.

"నాకు తెలుసు మే. చదువు రాకుంటే కండ్లు గూడా ఉండవా? బొమ్మ చూసినా. అది అంత కష్టపడి బతికిస్తా ఉంటే, నేనెట్ట చంపేది?"

"వాళ్ళ నాయన మొహం గూడా అట్నే ఉండిందా అని నన్నడిగిందత్తా."

ఆమె చేతులు ఆగిపోయాయి. కొంగుకు తుడుచుకుని పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"మీ నాయన మొహం నేనే కడిగినా. ఉబ్బే ఉండింది, అబద్ధం చెప్పను. చెవి కింద పుట్టుమచ్చ చూసి నా బిడ్డేనని ముద్దు పెట్టుకున్నా. నీకు గూడా ఆడే ఉండాది." అక్కడ వేలు పెట్టి, "చెంచురామయ్యా" అని పిలిచింది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు.

ఫోనులో ఆ కథలకు తాళం వేశాను. ఇప్పుడు ఆదివారాల్లో, చిట్టి ఆటకు పోయాక, ఆ కథ అత్తకు నేనే వచ్చి చదివి పెడుతున్నాను, ఒక్క మాట మార్చకుండా. చిట్టికి మాత్రం వాళ్ళ నాయన కబుర్లు అవ్వే చెబుతోంది.

ఆయన పేరు మళ్ళీ ఆ ఇంట్లో పలుకుతోంది. ఇది చదివిన మీరు కూడా చెంచురామయ్యను ఒక్కసారి తలుచుకోండి.