ఎర్రల బానలు

మొదటి బాన మీది తడి గోనె ఎత్తేసరికి పులిసిన వాసన గుప్పున కొట్టింది లేయాకు. అది రోజూ వచ్చే వాసన కాదు. పేడా, మామిడి తొక్కా ఎప్పుడు కుళ్లాయో, ఎప్పుడు మట్టయ్యాయో తెలియనట్టు, రోజూ ఆ బానలోంచి తొలకరి నేల వాసన వచ్చేది. ఇవాళ బాన అంచు చుట్టూ వానపాములు ఒకదాని మీద ఒకటి పడి ముద్దలు కట్టి ఉన్నాయి. పైకి పాకి తప్పించుకుందామని చూసినట్టున్నాయి, గోనె అడ్డం వచ్చి అక్కడే చచ్చిపోయాయి. వేలితో ఒకదాన్ని కదిపింది. నానిన అరటి నారలా వేలికి చుట్టుకుంది గాని కదల్లేదు.

రెండో బాన గోనె ఎత్తింది. మూడో బానదీ ఎత్తింది. మూడింటినీ గబగబా కప్పేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. చూడటానికి ఎవరున్నారు గనక! తోటంతా కాయకోత సందడి అవతలి వైపే ఉంది.

పాకలోంచి మొగుడు సువర్ణరాజు దగ్గాడు. దగ్గు కాస్త తెరిపి ఇచ్చాక, మంచం పట్టిన నాటి నుంచీ రోజూ అడిగే మాటే అడిగాడు.

"ఎర్రలెట్టా ఉన్నాయే?"

"బాగానే ఉన్నాయయ్యా."

లేయాకు అబద్ధమాడటం బొత్తిగా చేతకాదు. అందుకే గోనె సర్దుతున్నట్టు వంగి, బానకే చెప్పినట్టు చెప్పింది.

వానపాముల్ని ఆ పక్క ఎర్రలంటారు. చెరువులో గేలం వేసుకునేవాడికి అవి చేపల మేత. సువర్ణరాజుకు మాత్రం కూడూ గూడూ అవే. కుర్రతనంలో చాట్రాయి నుంచి భుజాన పార వేసుకుని వచ్చి, నూజివీడు పక్కన శ్రీమన్నారాయణ గారి మామిడి తోటలో కూలికి చేరాడు. ఆ తోటలో అంట్లు కడతారు. టెంక మొలిచిన మొక్కని కుండీతో సహా మంచె మీదికెక్కించి, మంచి రసం చెట్టు కొమ్మకి ఆనించి, రెండింటి బెరడూ చెక్కి నారతో కట్టేస్తారు. రెండూ ఏకమయ్యేదాకా ఆ కుండీ గాలిలోనే ఉండాలి. మామూలు మట్టయితే పూటకే ఎండి రాయవుతుంది. ఎర్రలు తిని విడిచిన నల్లమట్టి, తేయాకు పొడిలా ఉంటుందే, అదయితే తడిని పట్టుకుంటుంది. ఆ మట్టి చేయడం సువర్ణరాజు పని. మూతి విరిగిన బానలు మూడు ఏరుకొచ్చి, అడుగున చిల్లి పొడిచి, పాక వెనక నీడన పెట్టాడు. పేడా ఎండుటాకూ పొరలు పొరలుగా పరిచి, పైన మామిడి తొక్కలు కొబ్బరి చిప్పతో కొలిచినట్టు చల్లేవాడు. పసిబిడ్డకి ఉగ్గు పెట్టే తల్లి కూడా అంత ఇదిగా పెట్టదని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు. లేయాకు పిల్లలు నిలవలేదు. ఆ వేళాకోళం ఎక్కడ తగిలేదో ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇద్దరూ నవ్వి ఊరుకునేవారు.

ఆయన మట్టిలో లేచిన అంట్లు చింతలపూడి దాకా వెళ్లి చెట్లై కాస్తున్నాయి. వాటి కింద ఆయన ఏనాడూ నిలబడింది లేదు, ఆ కాయ తిన్నదీ లేదు. తోట మూలన ఒక పాక మాత్రం ఇచ్చారు. మట్టి ఉన్నన్నాళ్లు పాక, అదీ ఒప్పందం. ఈ మధ్య సమితి ఆఫీసు జీపులో తెల్ల ఎరువు బస్తాలు దిగడం మొదలయ్యాక, మట్టికి గిరాకీ తగ్గింది గాని పాకకు గిరాకీ పెరిగింది. కావలివాడికి అది ఇస్తే బాగుంటుందని గుమస్తా సుబ్బారావు శ్రీమన్నారాయణ గారి చెవిన వేశాడు. శ్రీమన్నారాయణ గారు మరీ కసాయి కాదు. ఈ ఏటికి మట్టి ఎలా వచ్చిందో చూసి చెప్పమన్నాడు. సుబ్బారావు ఆ చూడటానికి వచ్చేది ఈ సాయంత్రమే.

ఈ కాస్తలో ఇంత పని ఎలా జరిగిందో లేయాకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. బానలో చేయిపెట్టి కెలికితే పచ్చటి ముక్కలు పైకి వచ్చాయి. అవి ఒక్కటీ చెక్కుచెదరలేదు. చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

అవి ఊళ్లో శారదమ్మ గారింటి మాగాయ ముక్కలు. ఊరగాయల రోజుల్లో లేయా వెళ్లి ఆవిడ పెరటి గుమ్మం దగ్గర నిలబడితే తొక్కలు గంపలో పోస్తారు. దూరం నుంచే పోస్తారు, లేయా దూరంగానే పట్టుకుంటుంది, అది అలవాటే. నిన్న తొక్కలతో పాటు చెడిపోయిన మాగాయ కూడా పోశారు. ఊరిన ముక్కలు ఎండబెట్టిన నాడే మబ్బేసి, ఎండ చాలక బూజు పట్టిందట. లేయా వాటిల్లో బాగున్నవి నాలుగు ఏరి, కడిగి, గంజిలోకి నంజుకోవడానికి పెట్టింది. రోజుల తరబడి గుటక దిగని మనిషి నాలుక చప్పరించి, ఇంకాస్త గంజి అడిగి తాగాడు. ఆ సంబరం చూసి ఆమెకు కడుపు నిండింది. ఉప్పూ పులుపూ తగిలితే చచ్చిన నాలుక లేచి వస్తుందని అమ్మమ్మ చెప్పిన మాట నిజమేననుకుంది. ఈ మధ్య ఎండలకు సొలసి, వేసిన తొక్కలు వేసినట్టే వదిలేస్తున్న ఎర్రలకు కూడా నోరు బాగుపడుతుందనుకుని, మిగిలిన మాగాయంతా చిప్పతో మూడు బానలకూ సమంగా పంచింది.

సమంగానే పంచింది పాపం. ఒక్క బాననన్నా మరిచిపోయి ఉంటే ఎంత బాగుండేది!

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బావి నుంచి బిందెలతో నీళ్లు మోసి బానల్లో పోసింది. అడుగు చిల్లిలోంచి నల్లటి నీరు కారింది, దాంతో పాటు చచ్చిన ఎర్రలు కొట్టుకొచ్చాయి. ముక్కలన్నీ ఏరి అవతల పారేసింది. మట్టి ఇంకా మట్టిలాగే ఉంది గాని, మట్టి చూడటానికి వచ్చేవాడు ముందు గోనె ఎత్తి వాసన చూస్తాడు, చేయిపెట్టి ఎర్రల కదలిక చూస్తాడు. సుబ్బారావుకు అంతమాత్రం తెలుసు. తోట పని తెలియకపోయినా తప్పు పట్టడం తెలిసిన మనిషి.

గుప్పెడు బతికిన ఎర్రలు దొరికితే చాలనుకుంది లేయా. గుప్పెడు పైన వేస్తే సాయంత్రానికి గండం గడుస్తుంది. తరవాత అవే పెరుగుతాయి. అంతకుమించి ఆమె ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే కాళ్లు ఆడవని తెలుసు.

మే నెల ఎండలో మెట్టనేల మీద వానపాముల్ని వెతకడమంటే కాకి రెక్క మీద తెలుపు వెతకడమే. బావి కాలువ వెంట పార వేసి గీకింది. కాలువ ఎండి, చెప్పు అతుకులా పెచ్చులు లేచింది. కాయలు గంపలకెత్తే పందిరి కింద కూలీల నీళ్లతొట్టి ఉంటే, ఆ తొట్టి పక్కన కూర్చుని గోళ్లతో తవ్వింది. గడ్డి పరిచి కాయ సర్దుతున్న గోవిందమ్మ చూసి, ఈ ఎండలకి ఎర్రలు పాతాళానికి పోయుంటాయి వదినా, మనమే పైన మిగిలామని నవ్వింది. లేయా ముఖం చూశాక నవ్వు ఆపి, సంగతేంటని అడిగింది. లేయా చెప్పలేదు. చెబితే సాయంత్రంలోగా తోటంతా తెలుస్తుంది.

ఊళ్లో ఎప్పుడూ తడి ఆరని చోటు ఒకటి ఆమెకు గుర్తొచ్చింది. శారదమ్మ గారి పెరట్లో అరటి పాదులు. అంట్లు తోమిన నీళ్లన్నీ అటే పోతాయి. ఎండలో పడి వెళ్లింది. పెరటి తలుపు తీసే ఉంది. లోపల నేలంతా చాపలు పరిచి, మళ్లీ కోసి ఊరేసిన మాగాయ ముక్కలు ఎండబోసి ఉన్నాయి. మడిచీర కట్టుకున్న శారదమ్మ గారు కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతున్నారు. చాపల అవతల అరటి పాదుల్లో మట్టి నల్లగా, తళతళా మెరుస్తూ కనబడుతూనే ఉంది. లేయా గుమ్మం అవతలే ఆగి, పాదుల్లో కాస్త మట్టి తవ్వుకుంటానని అడిగింది. శారదమ్మ గారు చెడ్డమనిషి కాదు. లేయా మొగుడి దగ్గు ఎలా ఉందని అడిగారు, నిన్నటి ముక్కలు పనికొచ్చాయా అని కూడా అడిగారు.

"పనికొచ్చాయండి."

"ఊరగాయ బయటున్నప్పుడు ఇటు రాకూడదే, లేయా. ఎల్లుండి ముక్కలు ఎత్తేస్తాం. అప్పుడు రా, కావలసినంత తవ్వుకో."

లేయా తలూపి వెనక్కి తిరిగింది. కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపికంటూ ఉంటే దాంతో ఇంకో బారెడు నేల తవ్వేది. ఏడుపు మాత్రం వచ్చింది. దారిపొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని నడిచింది.

తిరిగొచ్చి పాక చుట్టూ ఉన్న చెట్ల మొదళ్లలో గునపం వేసింది. ఎర్ర గరపనేల గునపాన్ని వెనక్కి కొట్టింది. ఒక చెట్టు కింద దిగకపోతే, రెండో చెట్టు కింద తవ్వింది. అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు గునపం జారి కాలి వేలిని చీరింది. నెత్తుటి మీద మట్టి చల్లుకుని మళ్లీ తవ్వింది. ఈ పాక పోతే ఈ మనిషిని ఏ చెట్టు కింద పడుకోబెట్టాలన్న ఒక్క మాటే గునపం పోటుకొకసారి ఆమె తలలో మోగుతోంది.

పొద్దు వాలుతుండగా నీళ్లు పట్టుకుని లోపలికి వెళ్లింది. సువర్ణరాజు గోడవైపు తిరిగి ఉన్నాడు. ఒకప్పుడు నిండు కుండీని ఒంటిచేత్తో మంచె మీదికి అందించిన మనిషి. ఇప్పుడు భుజం ఎముక చొక్కాలోంచి పందిరి గుంజలా పొడుచుకొచ్చింది. చేతివేళ్ల సందుల్లో మాత్రం నల్లటి మట్టి గీతలు ఇంకా పోలేదు. ఎన్ని స్నానాలు చేయించినా అవి పోలేదు. రెండు గుటకలు తాగి, ఆమె మణికట్టు పట్టుకుని చెయ్యి తిప్పి, చితికిన బొబ్బలు చూశాడు.

"పొద్దుటాల నుంచి పార చప్పుడు వినపడతానే ఉంది," అన్నాడు. "ఉప్పు తగిలిందా వాటికి?"

లేయా నీళ్ల చెంబు కింద పెట్టింది. మంచం పట్టె పట్టుకుని కింద కూలబడింది.

"మాగాయ నంజినప్పుడే అనుకున్నా. నువ్వు చిప్ప తీసుకుని బయటికెళ్లావు. పిలుద్దామనుకునేలోపు దగ్గు తెర పట్టుకుంది."

"నాకు తెలవదయ్యా."

"నేనెప్పుడు చెప్పాను నీకు! నా పనని నేనే చేసుకుంటా ఉన్నా." ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఆ చెట్ల కిందేం ఉండవు. నా ఒళ్లు కడిగిన నీళ్లు రోజూ ఎక్కడ పోస్తన్నావు? అక్కడ చూడు."

లేయా లేచింది. పాక వెనక, ఆయన్ని తుడిచిన నీళ్లూ, ఉతికిన గుడ్డల నీళ్లూ ఆమె రోజూ పారబోసే చోట పిడచకట్టిన చింకి చాప ఒకటి ఉంది. బురద కాళ్లకు అంటకుండా తానే వేసింది. పొద్దుటి నుంచి దాని పక్కగా ఎన్నిసార్లు నడిచిందో! చాప ఎత్తింది. గునపం అక్కర్లేకపోయింది. చేత్తో తీస్తేనే మట్టి విడివిడిగా వచ్చింది. ఆ మట్టిలో ఎర్రగా, సన్నగా, నిగనిగలాడుతూ ఎర్రలు మెలికలు తిరిగాయి. ఒకటి కాదు, రెండు కాదు. ఊరంతా ఎండిపోయిన వేసవిలో అవన్నీ ఆ మంచపుమనిషి నీళ్లనే నమ్ముకుని అక్కడికి చేరాయి.

లేయా నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒక్కసారే చేసింది. బాన పక్కనున్న కొబ్బరి చిప్ప అందుకుంది. ఏళ్ల తరబడి ఆయన బొటనవేలు ఆని ఆని దాని అంచు ఒకవైపు అరిగి నున్నగా అయింది. చిప్ప నిండా మట్టితో సహా ఎర్రల్ని ఎత్తింది. నేరుగా బానలో వేయాల్సింది. సుబ్బారావు వచ్చే వేళ అయింది. అయినా ముందు ఆయనకు చూపించాలనిపించింది. పొద్దున్నే ఆడిన అబద్ధం నిజమైందని, ఎర్రలు బాగానే ఉన్నాయని చెప్పాలనిపించింది.

"ఇదిగో, చూడయ్యా," అంటూ మంచం పక్కన చతికిలబడింది.

సువర్ణరాజు చూడలేదు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. చెయ్యి మంచం పట్టె మీంచి కిందికి వేలాడుతోంది. చిప్ప కింద పెట్టి ఆ చెయ్యి పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. దగ్గు లేని పాక ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమెకు ఆ వేసవిలో అప్పుడే తెలిసింది.

ఆమె అరుపుకి ముందొచ్చింది గోవిందమ్మ. తరవాత కోతకూలీలు, వాళ్ల వెనక సుబ్బారావు వచ్చారు. సుబ్బారావు చెప్పులు విడిచి, తల గుడ్డ తీసి కాసేపు నిలబడ్డాడు. బయటికి వెళ్లి, వచ్చిన పని గుర్తొచ్చి మొదటి బాన మీది గోనె ఎత్తి చూశాడు. ముక్కు చిట్లించి, మళ్లీ కప్పి, వేళ్లు మామిడాకుకి తుడుచుకున్నాడు.

"సమాధి అయ్యాక ఒకసారి కనపడు, లేయమ్మా," అన్నాడు మెల్లగా. "అయ్యగారితో మాట్లాడదాం."

ఏం మాట్లాడతారో లేయాకు తెలుసు. "ఉప్పు నేనే ఏశానండీ," అంది. శోకంలో ఏదో అంటోందనుకుని గోవిందమ్మ ఆమె తలని భుజానికి హత్తుకుంది.

ఎండాకాలం, శవాన్ని ఆపడానికి లేదు. పాస్టరు గారు సైకిలు మీద వచ్చారు. చీకటి పడకముందే మంచంతో సహా ఎత్తారు. మంచం వంచి తలుపు దాటించేటప్పుడు సువర్ణరాజు చెయ్యి ఒకసారి జారితే, లేయా దాన్ని తీసి గుండె మీద పెట్టింది. అందరితో పాటు ఆమె కూడా తోట దారిన నడిచింది. తలుపు వేసే సంగతి ఎవరికీ తోచలేదు.

మంచం ఉన్న చోట నేల మీద కొబ్బరి చిప్ప ఒక్కటే మిగిలింది. పైన మట్టి అప్పుడే ఆరి తెల్లబడుతోంది, అంచు అరిగిన వైపు మాత్రం ఇంకా తడిగానే ఉంది.