మొదటి భాగంలో మా ఎద్దులు

రెండో భాగం సినిమా చెత్త అని మా ఆయన గోవిందన్న ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు. చూడకముందే చెప్పాడు. ఎమ్మిగనూరు టాకీసులో అది తొమ్మిది రోజులు ఆడితే ఆ వీధిలోకే పోలేదు. అయినా రచ్చకట్ట మీద కూర్చుని హీరోకి పొట్ట వచ్చిందని, పాటలు బాగాలేవని, బండి తోలినవాడికి పగ్గం పట్టుకోవడం చేతకాదని ఒకటే దండోరా. మంటంతా ఆ చివరి మాటలోనే ఉంది. రెండో భాగంలో బండి తోలింది బజారి, మా ఆయనకు చిన్నాయన కొడుకు. మొదటి భాగంలో తోలింది మా ఆయన.

మొదటి నుంచి చెబుతాను. డెబ్బై ఆరులో ‘కొండదారి వీరన్న’ అని ఒక సినిమా తీశారు. హీరో గుట్ట మీది నుంచి ఎద్దుల బండిలోకి దూకి పారిపోయే సీను ఆదోని బయట రాళ్ల మధ్య తీశారు. ఆ బండి మాది, ఎద్దులు మావి. మా ఊరు నందవరం దగ్గర. ఆ వారం పత్తి అమ్ముకోవడానికి ఆదోనికి పోయి మా అక్క ఇంట్లో దిగాం. అది సోమవారం. మా వైపు సోమవారం ఎద్దులకు కాడి కట్టరు. ఆ రోజు బసవన్నది. కడిగి, విభూది పూసి, మేత వేసి ఊరుకోవాలి. ఆ పొద్దున మా జతను నేనే కడిగాను. నుదుట మూడు వేళ్లతో విభూది పూసి, దాని కింద పసుపు బొట్టు పెట్టాను. అది మా అత్త నేర్పిన పద్ధతి, ఊళ్లో ఇంకెవరికీ లేదు.

అంతలో సినిమావాళ్లు ఉరుకుతూ వచ్చారు. వాళ్లు బాడుగకు తెచ్చుకున్న ఎద్దు కుంటుతోందట, హీరో ఎండలో నిలబడి ఉన్నాడట. మా ఆయన కాడి ఎత్తాడు.

“సోమారం గదయ్యా” అన్నాను.

“సేద్యం జేస్తాండానా ఏంది? ఇది ఆట. గమ్మునుండు” అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఊరికి వచ్చాక కథ మార్చేశాడు. “సోమారం కాడి కట్టేది లేదు, రేపు రాపోండి అంటి. అంత పెద్ద హీరో నాకోసరం ఒగ దినం కాసుకోనుండె” అని చెప్పాడు. ఊరు నోరు తెరుచుకుని విన్నది. ఆ ఒక్క అబద్ధంతో పెద్దమనిషి అయిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. గమ్మునే ఉన్నాను.

మరుసటి ఏడు ఒక ఆదివారం మంచి పదును వాన పడింది. బజారిది గట్టు మీద ఎర్రచేను, ఒక్క పూట ఆరితే విత్తనం పడదు. సోమవారం పొద్దున విత్తడానికి గొర్రు కట్టాడు. పంచాయితీ పెట్టిందీ మా ఆయనే, తీర్పు చెప్పిందీ మా ఆయనే. ఏరువాక పున్నమికి ఊరి ఎద్దులన్నీ రంగులు పూసుకుని, వేపాకు తోరణం ఎవరు తెంపుతారా అని ఉరుకుతాయి. ఇక మీదట బజారి ఎద్దులు ఆ పరుగులో ఉండకూడదు, అందరూ పోయాక వెనక నడవాలి అన్నాడు. తొమ్మిదేళ్లు అలాగే నడిచాయి. పిల్లలు కూడా బజారిని ‘సోమారపోడు’ అని పిలిచేవాళ్లు. మా ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది, కానీ అన్నం మాత్రం వడ్డించేదాన్ని.

ఎనభై ఐదులో సినిమావాళ్లు రెండో భాగం తీయడానికి మళ్లీ ఆదోని వచ్చారు. అప్పటికి మా జత ముసలిదైపోయింది. వాళ్లు బజారి ఎద్దులను ఎంచుకున్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో తిట్లు తప్ప మాటలు లేవు.

మరుసటి ఏడు ఏరువాకకు పది రోజుల ముందు బజారి మా వాకిట్లోకి వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“అన్నా, ఈసారన్నా మా ఎద్దుల్ని తోరణానికి ఉరకనీ. నాకు వయసైపోతాంది.”

మా ఆయన మీసం మెలేశాడు. “సినిమాలో తోలినావు గదప్పా, ఇంగ ఊర్లో ఉరికేదేముంది? సరే, ఒగ పని జేచ్చాం. రెండు సినిమాలూ వీడియోలో ఊరికి సూపిచ్చాం. రెండోదే బాగుందని ఊరంటే నీ ఎద్దులు ముందర. మొదటిదే బాగుందంటే ఇంగ జన్మలో నా వాకిలి తొక్కొద్దు.”

బజారికి ఇంకో దారి ఏముంది? సరే అన్నాడు.

సోమవారం నాడే పెట్టారు, ఎద్దులకు పని ఉండదని. ఎండాకాలం సెలవులు కాబట్టి బడి ఖాళీగా ఉంది. కిటికీలకు గొంగళ్లు కట్టి చీకటి చేశారు. సేతుమాధవరావు సారు ఎమ్మిగనూరులో పంతులు, ఇంట్లో క్యాసెట్లు బాడుగకిస్తాడు. ఆయనే డెక్కూ, కలర్ టీవీ జీపులో వేసుకొచ్చాడు.

ముందు రెండో భాగం వేశారు. నిజం చెప్పాలి, ఘోరంగా ఉంది. మొదటి దాంట్లో చచ్చిపోయిన హీరోయిన్‌కి చెల్లెలట, అదే మనిషి, జడ మాత్రం పొట్టి. హీరో గుట్ట మీది నుంచి దూకాలంటే ఆయాసపడుతున్నాడు. బజారి బండి వచ్చినప్పుడు వాళ్ల వాళ్లు నలుగురు ఈలలు వేశారు. మా ఆయన వెనక కూర్చుని “ఎద్దుల్ని తోల్తాండాడా, బర్రెల్నా?” అని అరిచాడు. జనం నవ్వారు. బజారి భార్య ఉచ్చీరమ్మ తల వంచుకుంది.

తర్వాత మొదటి భాగం. పాత సినిమానే, అందరూ చూసిందే, అయినా ఎవరూ కదల్లేదు. పాటలకు ఆడవాళ్లు గొంతు కలిపారు. టాకీసులో చూసిన దానికీ దీనికీ తేడా ఉందని పక్కనున్న ముసలి ఆదెప్ప గొణిగాడు. “తెర వెడల్పండీ, టీవీ ఇరుకు. అటూ ఇటూ కోసేస్తారు, నడిమిది మాత్రమే మిగులుతుంది” అని సారు చెప్పాడు. బండి సీను వచ్చింది. హీరో సగమే కనిపించాడు. పగ్గం పట్టుకున్న మా ఆయన ముఖం అంచులో కోసుకుపోయి ఒక్క చెవి మిగిలింది. నడిమిన మా ఎద్దులు. తెరంతా ఎద్దుల తలలే. అయినా బడి మొత్తం ఈలలతో ఊగిపోయింది.

ఇంక అడగాల్సింది ఏమీ లేదు. మొదటిదే మేలని ఊరంతా తేల్చేసింది. బజారి లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

మా ఆయనకు అది చాలలేదు. గెలిచి ఊరుకుంటే ఆయన గోవిందన్న ఎట్లా అవుతాడు?

“యాడికి బోతావు బజారీ? కూచో. సారూ, ఎనక్కి దిప్పు. మా ఎద్దులకాడ నిలబెట్టు. ఎద్దులంటే ఎట్లుంటాయో సూసి నేర్సుకోనీ.”

“ఎక్కువసేపు నిలబెడితే టేపు అరుగుతుందప్పా” అన్నాడు సారు.

“అరగనీ. నిలబెట్టు!”

సారు నిలబెట్టాడు. బొమ్మ మీద రెండు గీతలు వణికాయి, తర్వాత కుదురుకుంది. నాకు ఆ క్షణందాకా తట్టనేలేదు. టాకీసులో రెప్పపాటులో దాటిపోయిన ఎద్దులు ఇప్పుడు ఊరి ముందు కదలకుండా నిలబడ్డాయి, నుదుటి మీద తెల్లగా మూడు గీతలు, కింద పసుపు బొట్టు.

ఉచ్చీరమ్మ లేచి టీవీ దగ్గరికి పోయి అద్దం మీద వేలు పెట్టింది.

“విభూది. సావిత్రక్క సెయ్యి ఇది” అని నన్ను చూపించింది.

వెనకవాళ్లు లేచి టీవీ దగ్గరికి వచ్చారు.

“సినిమావోళ్లు పూసినారు” అన్నాడు మా ఆయన.

“పసుపు బొట్టు గూడా సినిమావోళ్లే పెట్టినారా? వాళ్లకి నీ ఇంటి పద్ధతి యాడ తెలిసె?”

“సోమారం పూసింది మంగళారం ఉండదా ఏమి!”

బజారి మొదటిసారి గొంతెత్తాడు. “ఉండదన్నా. రాత్రంతా గాటికి రుద్దుకుంటే ఒగ గీతన్నా మిగల్దు. నీకు తెలీదా, నాకు తెలీదా? ఇది పూసి గడియ గూడా కాలేదు.”

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన కూడా తిరిగాడు.

“ఏమే, సెప్పు. మంగళారం పొద్దున గూడా పూసినావని సెప్పు వీళ్లకి.”

ఒక్క మాట అంటే అయిపోయేది. నా మాట ఊరు నమ్మేది. ఆ ముఖంలో భయం కనిపించినా, బతిమాలినా, ఆ మాట అనేసేదాన్నేమో. బతిమాలలేదు. ఆ రోజు కాడి ఎత్తుతూ గమ్మునుండమన్నప్పుడు ఎట్లా ఉన్నాడో అట్లాగే ఉన్నాడు. నాకు అసహ్యమేసింది.

“సోమారమే” అన్నాను. “కాడి కట్టొద్దంటి. గమ్మునుండమన్యాడు. ఉంటి.”

ఆదెప్ప కర్ర పట్టుకుని లేచాడు. “తీర్పు సెప్పినోడే కాడి కట్టినాడంటే ఇంగ ఆ తీర్పు యాడిది? బజారీ, ఈ ఏరువాకకి నీ ఎద్దులు ముందర బోతాయి” అన్నాడు. మా ఆయన చెప్పులు వెతుక్కోకుండానే బయటికి నడిచాడు. ఆయన వెనక ఎవరూ పోలేదు.

ఉచ్చీరమ్మ నా దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, సిగ్గులేకుండా.

“ఆయప్ప ఒగ దినం అబద్ధం సెప్పినాడక్కా. నమ్మినోళ్లు తెలీక మమ్మల్ని ఎనక్కి నెట్నారు. నీకు తెలుసు. ప్రతి ఏరువాకకీ నీ వాకిట్లో హారతి పళ్లెం పట్టుకోని నిలబడ్తివి. అందరి ఎద్దులకీ ఇచ్చి, మావి వచ్చేతలికి పళ్లెం కొంగు కింద పెట్టుకోని లోపలికి పోతివి. తొమ్మిదేండ్లు పోతివి.”

“ఆయన కొడ్తాడని…” అన్నాను.

“కొడ్తాడు. నిన్ను ఇంట్లో కొడ్తాడు. మమ్మల్ని ఊరు ఊరంతా కొట్టింది.”

ఏరువాక నాడు తోరణం తెంపింది బజారి ఎద్దులే. డప్పులు మోగాయి. మా ఆయన లోపల గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను కర్పూరం వెలిగించుకుని వాకిట్లో నిలబడ్డాను. ఉచ్చీరమ్మ ముందు ఎద్దు ముక్కుతాడు పట్టుకుని నడుస్తూ వచ్చింది. నా వాకిలి దగ్గరికి రాగానే నన్ను చూసింది, బాగా చూసింది, ఎద్దులను వీధికి ఆ పక్కకు తిప్పుకుని పోయింది.

ఉచ్చీరమ్మ తప్పు చేసిందని నేను ఎవరితోనూ అనలేదు.